ఒకే స్పెల్లింగు, వేరువేరు వంశాలు: ఇంగ్లీషు విక్షనరీలో మూడక్షరాల పేజీ

అచ్చు నిఘంటువులు భాషను బట్టి ఉంటాయి. స్వీడిష్ మాట కావాలంటే స్వీడిష్ నిఘంటువు, ఐరిష్ మాట కావాలంటే ఐరిష్ నిఘంటువు తీయాలి. 2002 డిసెంబరులో మొదలైన ఇంగ్లీషు విక్షనరీ అనే ఇంటర్నెట్ నిఘంటువు ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఇక్కడ ఒక పేజీకి ఆధారం భాష కాదు, అక్షరాల వరుస. ఆ వరుసలో రాసే మాట ఏయే భాషల్లో ఉన్నదో ఆ భాషలన్నీ ఒకే పేజీలో, ఇంగ్లీషు ముందుగా, మిగిలినవి అకారాది క్రమంలో కనిపిస్తాయి. ఇంగ్లీషు విక్షనరీ అన్నంత మాత్రాన ఇది ఇంగ్లీషు మాటలకే పరిమితమని కొందరు అనుకుంటారు కానీ, ఇంగ్లీషులో ఉండేవి వివరణలు మాత్రమే, మాటలు ప్రపంచ భాషలన్నిటివీ. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషనే దీనినీ నడుపుతున్నది. చందా లేదు, ప్రకటనలు లేవు, రాసేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు.

ఇంత పెద్ద నిఘంటువును మొత్తంగా తూచడం కుదరదు కనుక, ఒక చిన్న మాట పేజీని పట్టుకొని దాని మంచిచెడ్డలు చూడటమే న్యాయమనిపించింది. నేను ఎంచుకున్నది రోమన్ లిపిలో బి, ఓ, జి అనే మూడక్షరాల పేజీ. ఈ మూడక్షరాలకు ఇంగ్లీషులో దిగబడే చిత్తడి నేల అని, ఐరిష్‌లో మెత్తనిది అని, డేనిష్‌లో పుస్తకం అని, క్రొయేషియన్, స్లొవీన్ భాషల్లో దేవుడు అని, స్వీడిష్‌లో పశువు ముంగాలి పైభాగం, ఓడ ముందుభాగం అని, హంగేరియన్‌లో ముడి అని అర్థం. ఇంగ్లీషు, ఐరిష్ మాటలు ఒకే మాట. మిగిలినవి వేటికవే. ఒకే స్పెల్లింగు చుట్టరికానికి రుజువు కాదని, అసలు చుట్టాలు గుర్తుపట్టలేని వేషంలో వేరేచోట ఉంటారని ఈ ఒక్క పేజీ చూపించినంత స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చూపించలేదని నా అభిప్రాయం. పైగా ఈ వంశాల్లో కొన్ని సంస్కృతం మీదుగా, పారసీకం మీదుగా మన ఇంటి మాటల దాకా వచ్చాయి.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ పేజీ మహిమంతా రోమన్ లిపిది. వీటిని ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తే ఇవి ఒకచోట చేరనే చేరవు. ఇంగ్లీషు మాట బాగ్, ఐరిష్ మాట బొగ్, క్రొయేషియన్ మాట బోగ్, స్వీడిష్ మాట బూగ్. డేనిష్ మాటలో చివరి జి మెత్తబడి, గొంతు దగ్గర చిన్న నొక్కుతో దాదాపు బౌ అని వినిపిస్తుంది. ఉచ్చారణ చిహ్నాలు చదవడం రానివారు కూడా ఈ తేడాలు పట్టుకోవడానికి చాలా మాటల దగ్గర ఆ భాషవారి గొంతుతో ఆడియో ఉంటుంది. ఈ సేవలో నాకు ఎక్కువగా నచ్చిన సదుపాయాల్లో ఇది ఒకటి.

ఇంగ్లీషు భాగం సూటిగా ఉంటుంది. ఐర్లండ్, స్కాట్లండ్‌లలోని గేలిక్ భాషల్లో బొగ్ అనే విశేషణానికి మెత్తన అని అర్థం, దాని నుంచి పుట్టిన నామవాచకానికి మెత్తని నేల అని అర్థం. నాచు పొరలు పొరలుగా కుళ్ళి, శతాబ్దాల తరబడి నీరు ఇంకక, పీట్ అనే మండే మట్టిగా మారే నేలలు ఆ దేశాల్లో విస్తారంగా ఉన్నాయి. ఐర్లండ్ మధ్యభాగంలోని బాగ్ ఆఫ్ ఆలెన్ అలాంటిదే. ఆ నేలను చూసిన ఇంగ్లీషువారు 16వ శతాబ్దం నాటికే ఆ మాటను తమ భాషలోకి తీసుకున్నారు. అయితే నేటి ఐరిష్‌లో పీట్ నేలను పోర్తఖ్ అనే వేరే మాటతో పిలుస్తారు, అరువిచ్చినవారు తమ మాటను మెత్తదనానికే ఉంచుకున్నారు. సన్నని చినుకులు పడుతూ చలి తగ్గిన రోజును ఐరిష్‌లో లా బొగ్, అంటే మెత్తని రోజు అంటారు. పనిలో కూరుకుపోవడానికి ఇంగ్లీషువారు ఈ మాటనే క్రియగా వాడతారు. మనం అప్పుల ఊబి అన్నా, రొంపిలో దిగాడన్నా అదే అనుభవం. ఈ గేలిక్ మాట ఇంకా వెనక్కి వెళ్తే వంగడం అనే అర్థమున్న ధాతువు దగ్గర ఆగుతుంది. అక్కడ ఒక చిక్కు ఉన్నది. దానికి బాహువు సంగతి ముందు తెలియాలి కనుక తరువాత చెబుతాను.

డేనిష్‌లో పుస్తకమైన బోగ్ నిజానికి ఇంగ్లీషు బుక్, జర్మన్ బూఖ్ మాటలకు తోబుట్టువు. స్కాండినేవియా భాషలకు పూర్వరూపమైన పాత నార్స్‌లో ఇది బోక్. డేనిష్‌లో అచ్చు తరువాతి క కాలక్రమంలో గగా మారి, ఆపైన ఉచ్చారణలో ఇంకా కరిగిపోయింది. పాత ఇంగ్లీషులో పుస్తకానికీ, యూరపు అడవుల్లో పెరిగే బీచ్ అనే చెట్టుకూ ఒకే మాట ఉండేది కనుక, బీచ్ చెక్క పలకల మీద గీతలు గీసి రాసిన కాలపు జ్ఞాపకం ఈ మాటలో ఉన్నదని చాలాకాలంగా చెబుతున్నారు. వినడానికి ఇంపుగా ఉన్న ఈ వివరణను అందరు పండితులూ ఒప్పుకోలేదు. విక్షనరీ లాంటి చోట్ల ఇలాంటి వివరణల పక్కన ‘బహుశా’ అనే మాట ఉన్నదో లేదో వెతకడం అలవాటు చేసుకోవాలి. లాటిన్‌లో పుస్తకానికి వాడిన లీబెర్ అనే మాటకు చెట్టు లోపలి బెరడు అనే అర్థం కూడా ఉండటం, మనకు భూర్జపత్రం, తాళపత్రం ఉండటం చూస్తే ఈ ఊహ అసంభవమేమీ కాదనిపిస్తుంది. మన పుస్తకం అనే మాట మాత్రం చెట్టు నుంచి కాక, చర్మం అని అర్థమున్న ఇరానీ మాట నుంచి వచ్చిందని భాషావేత్తల్లో ఎక్కువమంది అంటారు.

పుస్తకపు బోగ్‌కూ దేవుడి బోగ్‌కూ సంబంధం లేదు. కానీ పోలిష్ భాష దగ్గర ఈ రెండు వంశాలూ ఒకదానికొకటి ఎదురుపడతాయి. పోలిష్‌లో దేవుడు అనే మాటలో ఓ మీద ఒక గీత ఉంటుంది కనుక దానికి విక్షనరీలో వేరే పేజీ ఉన్నది. ఆ గీత ఉన్న ఓను ఉ అని పలుకుతారు, పదం చివరి గ కగా వినిపిస్తుంది. అంటే దేవుడు బుక్. ఇంగ్లీషు, జర్మన్, డేనిష్‌లు చేరే జర్మానిక్ కుటుంబపు భాషల నుంచి అరువు వచ్చిన బీచ్ చెట్టు పేరు కూడా పోలిష్‌లో బుక్. చెవికి రెండూ ఒకటే, పుట్టుకలో ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. అక్షరం అని అర్థమున్న రష్యన్ బుక్వా కూడా జర్మానిక్ పుస్తకపు వంశం నుంచి వెళ్ళినదే.

ఇక రష్యన్, పోలిష్, క్రొయేషియన్‌లు చేరే స్లావిక్ భాషల దేవుడి దగ్గరికి వస్తే, తెలుగు పాఠకుడు కాస్త నిలబడక తప్పదు. బోగ్ అనే ఈ మాట వైదిక భగ శబ్దానికీ పాత పారసీకపు బగ శబ్దానికీ సంబంధించినది. భజ్ అనే సంస్కృత ధాతువుకు పంచడం, భాగం పొందడం అని అర్థం. భాగం, భాగ్యం, భక్తి, భగవంతుడు అన్నీ ఆ గూటివే. ఋగ్వేదంలో భగుడు ఆదిత్యులలో ఒకడు, సంపదను పంచిపెట్టేవాడు. ఏడవ మండలంలో అతనిని పిలిచే సూక్తాన్నే మన దేవాలయాల్లో భాగ్యసూక్తంగా నేటికీ చదువుతున్నారు. ఇరాన్ వైపు ఈ మాటకు నేరుగా దేవుడనే అర్థం స్థిరపడింది. పారసీక చక్రవర్తి దారియస్ శాసనాల్లో వారి పరమదేవుడైన అహురమజ్దాను గొప్ప బగ అన్నారు. ఆయన శాసనమున్న బిసోతూన్ కొండ పాత పేరు బగస్తాన, దానిని దేవస్థానం అని తెలుగు చేస్తే అక్షరం తప్పు పోదు.

స్లావిక్ భాషల్లో దేవుడనే అర్థం పైకి కనిపిస్తున్నా, అడుగున పాత అర్థం మిగిలి ఉన్నది. రష్యన్‌లో బొగాతీ అంటే ధనవంతుడు, ఉబోగీ అంటే దిక్కులేని బీదవాడు. ఈ రెంటిలో దేవుడు లేడు, వాటా ఉన్నది: వాటా ఉన్నవాడు, వాటా పోయినవాడు. భాగ్యవంతుడు, అభాగ్యుడు అనే మన జంట పక్కన పెట్టి చూడండి, రెండు జంటల మధ్య దూరం ఎంత తక్కువో తెలుస్తుంది. ఒక మాట తల్లి భాష నుంచి వారసత్వంగా వచ్చిందా, పొరుగు భాష నుంచి అరువు వచ్చిందా అనే తేడాను విక్షనరీ జాగ్రత్తగా పాటిస్తుంది. రెంటికీ వేరువేరు పదబంధాలు వాడుతుంది. స్లావిక్ బోగ్ విషయంలో ఈ తేడా మీదే పండితుల మధ్య వాదం ఉన్నది. దేవుడనే అర్థం ఇరానీ, స్లావిక్ భాషల్లోనే ఇంత బలంగా కనిపిస్తుంది కనుక స్టెపీ అనే గడ్డి మైదానాల్లో ఇరానీ తెగల నుంచి స్లావులు ఈ మాటను, లేదా కనీసం ఈ అర్థాన్ని తీసుకొని ఉంటారని ఒక పక్షం. వాటా అనే పాత అర్థం లోతుగా పాతుకొని ఉన్నది కనుక ఇది వారసత్వమేనని మరో పక్షం. నిఘంటువు ఇక్కడ తీర్పు చెప్పకుండా రెండు దారులనూ చూపడమే సరైన పని.

వాడుకలో ఈ బోగ్ చాలా చోట్ల కరిగిపోయింది. రష్యన్‌లో కృతజ్ఞత చెప్పే స్పసీబా అనే మాట ‘దేవుడు కాపాడుగాక’ అనే దీవెన ముడుచుకుపోగా మిగిలినది. బొగ్దాన్ అనే పేరుకు దేవుడిచ్చినవాడు అని అర్థం. క్రొయేషియాలో ఇద్దరు ఎదురుపడినా, విడిపోతున్నా బోగ్ అనే పలకరింపు ఉన్నది. దాని పక్కనే బోక్ అనే రూపం కూడా వినిపిస్తుంది. ఇంగ్లీషు పిల్లలను భయపెట్టే బోగీమ్యాన్ అనే బూచివాడి పేరును ఈ స్లావిక్ దేవుడితో ముడిపెట్టే కథలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి కానీ, అవి శబ్దం పోలికను చూసి అల్లినవే.

ఈ వంశం హైదరాబాదు దాకా వచ్చిన దారి వేరు. తోట అనే అర్థమున్న పారసీక బాగ్ మాటకు మొదటి అర్థం నేల ముక్క, వాటాగా వచ్చిన మడి. అది పాత ఇరానీ బాగ నుంచి, అంటే మన భాగానికి తోబుట్టువు నుంచి వచ్చింది. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి అనే పేర్లలో ఉన్నది అదే. ఇక్కడ తెలుగు లిపి మనల్ని ఒక తమాషా భ్రమలోకి నెడుతుంది. ఇంగ్లీషు చిత్తడి నేలనూ మనం బాగ్ అనే రాస్తాం, పారసీక తోటనూ బాగ్ అనే రాస్తాం. రోమన్ లిపిలో బి, ఓ, జి చేసే మోసాన్ని ఇక్కడ మన గుణింతమే చేస్తున్నది.

ఈ పేజీలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది మాత్రం స్వీడిష్ భాగం. మాంసం కొట్లో బూగ్ అంటే పశువు భుజం దగ్గరి ముక్క. రేవులో అదే మాట ఓడ ముందుభాగం. 1994 సెప్టెంబరులో బాల్టిక్ సముద్రంలో ఎస్తోనియా అనే ఓడ ముందరి తలుపు కవచం ఊడిపోయి, ఓడ మునిగి, 852 మంది చనిపోయారు. ఆ కవచాన్ని స్వీడిష్‌లో బూగ్‌విసీర్ అంటారు. మనిషి భుజం నుంచి ఓడ భుజానికి అర్థం సాగిన తీరు జర్మన్, డచ్ భాషల్లోనూ కనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో బోగ్ అంటే భుజం, చెయ్యి, కొమ్మ. నేటి ఇంగ్లీషులో కొమ్మ అనే అర్థం ఒక్కటే మిగిలి, మాట బౌ అని పలుకుతున్నది.

వీటన్నిటికీ మూలమని విక్షనరీ చూపించే రూపం ముందు ఒక నక్షత్రపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్న మాట ఏ శాసనంలోనూ, ఏ గ్రంథంలోనూ దొరకలేదని, కూతురు భాషలను పోల్చి పండితులు పునర్నిర్మించారని అర్థం. ఈ వంశానికి పునర్నిర్మించిన మాట దాదాపు భాఘుస్. రోమన్ లిపిలో దీనిని రాయాలంటే బి పక్కన పైకి చిన్న హెచ్, జి పక్కన మరో చిన్న హెచ్, ఇంకా కొన్ని గుర్తులు తగిలించాలి. యూరపు పాఠకులు అక్కడే బెదిరిపోతారు. మనకు భ, ఘ ఒకటో తరగతి నుంచే ఉన్నాయి కనుక ఈ పేజీలు చదవడంలో తెలుగువాడు వారికంటే ఒక మెట్టు పైనే ఉంటాడు.

ఈ భాఘుస్ నుంచే సంస్కృత బాహు, మన బాహువు వచ్చాయి. మరి భ ఎందుకు బ అయింది? ఒకే పదంలో రెండు మహాప్రాణాలు, అంటే భ, ఘ లాంటి ఒత్తు పలికే హల్లులు, దగ్గరదగ్గరగా వస్తే సంస్కృతంలోనూ గ్రీకులోనూ మొదటిదాని ఒత్తు పోతుందని 1863లో హెర్మాన్ గ్రాస్‌మాన్ సూత్రీకరించాడు. గణితంలోనూ పేరున్న ఈయన ఋగ్వేదానికి పదకోశం కూడా కూర్చాడు. ఈ సూత్రం ప్రకారం మొదటి భ బ అయింది. రెండవదైన ఘ సంస్కృతంలో హగా మారింది. గ్రీకులో అదే మాట పేఖుస్, ముంజేయి అని అర్థం. భాగ్యం అనే మాటలో రెండవ హల్లు గ, దానికి ఒత్తు లేదు, కనుక మొదటి భ చెక్కుచెదరలేదు. బాహువుకు ఒత్తు లేకపోవడానికీ భాగ్యానికి ఉండటానికీ కారణం నేను బడిలో సంస్కృతం చదివిన రోజుల్లో ఎవరూ చెప్పలేదు. రెండు పేజీలను పక్కపక్కన తెరిచి చదివితే ఇది తేలుతుంది.

ఇరానీ వైపు ఈ మాట బాజూగా మారి, పారసీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి రెండవసారి వచ్చింది. దండచేతికి పెట్టుకొనే బాజుబందులు అవే. తెలంగాణలో ‘జర బాజుకు జరుగు’ అన్నప్పుడు బాజు అంటే పక్క, మొదట అది చెయ్యి. అంటే ఒకే పాత మాట తెలుగులో బాహువుగా కావ్యాల్లోకీ, బాజుగా బస్సు సీటు దగ్గరికీ చేరింది. ఇందులో తెలుగు, స్వీడిష్ చుట్టాలని చెప్పే అవకాశం ఎంతమాత్రం లేదు. బాహువు, భాగ్యం మనకు తత్సమాలు, బాజు, బాగ్ ఉర్దూ ద్వారా వచ్చినవి, అన్నీ అరువు మాటలే. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని మద్రాసులో ఉన్న ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1816లోనే తెలుగు ధాతువులను ఆధారంగా చూపి చెప్పాడు. విక్షనరీలో తెలుగు మాటల దగ్గర వారసత్వం, అరువు అనే పదబంధాలను గమనించకుండా చదివేవారు ఇక్కడే పొరపడతారు.

ఇప్పుడు వాయిదా వేసిన చిక్కు. గేలిక్ బొగ్ మూలంలో ఉన్న, వంగడం అనే అర్థపు ధాతువును సంస్కృత భుజ్ ధాతువుతో కలుపుతారు. వంగేది కనుక భుజం, వంకర్లు తిరుగుతూ పోయేది కనుక భుజంగం. జర్మన్‌లో వంచడం అనే అర్థమున్న బీగెన్‌నూ ఇక్కడే చేరుస్తారు. అయితే జర్మన్ మాటలోని గ రావాలంటే మూలంలో ఘ ఉండాలి, ఘ ఉంటే గ్రాస్‌మాన్ సూత్రం ప్రకారం సంస్కృతంలో భ మిగలకూడదు. సంస్కృతంలో భ, జ ఉన్నాయంటే మూలంలో గ ఉండాలి. రెండూ ఒకేసారి నిజం కావు. పాత నిఘంటుకారులు ఘ, గ రెండు రూపాలూ ఉండేవని రాసి ముందుకు సాగిపోయారు. విక్షనరీలో ఇలాంటి చోట్ల మొదటి వాక్యం చదివి ఊరుకోకుండా, ఆ ధాతువు పేజీకి వెళ్ళి దాని కింద ఇచ్చిన గమనికలు చూడాలి. పిల్ల పేజీలో ధీమాగా ఉన్న సంగతి తల్లి పేజీలో సందేహంగా ఉండటం ఈ సేవలో అరుదు కాదు. దీని ప్రధాన లోపం అదే. వేరువేరు మనుషులు వేరువేరు కాలాల్లో రాసిన పేజీలు ఒకదానితో ఒకటి సరిపోలాలనే నియమాన్ని అమలు చేసే సంపాదకుడు ఎవరూ లేరు.

హంగేరియన్ ముడి సంగతి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. ఆ భాష, సంస్కృతం, పారసీకం, యూరపు భాషల్లో చాలావరకు చేరే ఇండో యూరోపియన్ కుటుంబానికి చెందినది కాదు కనుక ఈ వంశాల్లో దేనితోనూ దానిని కలపనవసరం లేదు, మూడక్షరాలు కలవడం వట్టి కాకతాళీయం.

సేవగా దీని నాణ్యత మాటను బట్టి మారుతుంది. ఇంగ్లీషు, లాటిన్, జర్మానిక్, స్లావిక్ మాటలకు శ్రద్ధగా పనిచేసే సమూహం ఉన్నది కనుక ఆ పేజీలు నిండుగా ఉంటాయి. బాగా రికార్డయిన భాషల్లో ఒక అర్థాన్ని చేర్చాలంటే, ఏడాదికి తగ్గని వ్యవధిలో కనీసం మూడు స్వతంత్ర ప్రయోగాలు చూపాలనే నియమం ఉండటం వల్ల గాలి మాటలకు అడ్డుకట్ట పడుతుంది. అయితే ఆ నియమం మాట ఉనికికే కానీ వ్యుత్పత్తికి కాదు. వ్యుత్పత్తి భాగాల్లో చాలావాటికి ఆధారం చూపరు. ఆధారం లేనిచోట, ఎవరు ఏం మార్చారో చూపే చరిత్ర ట్యాబును, చర్చ పేజీని తెరవడం మంచిది. వ్యుత్పత్తుల మీద వాదించుకోవడానికి ఒక ప్రత్యేక గది కూడా ఉన్నది, అక్కడి వాదాలు కొన్నిసార్లు పేజీకంటే ఎక్కువ నేర్పుతాయి. ఫోనులో చదివేవారికి భాషల వారీ భాగాలు మడిచి ఉండటం సౌకర్యమే కానీ, రెండు భాషలను పోల్చి చూడటానికి కంప్యూటరే మేలు. ఇంటర్నెట్ నిలకడగా లేనిచోట కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నిఘంటువును ముందే దించుకోవచ్చు.

ఇంగ్లీషు మాటల పుట్టుక మాత్రమే కావాలనుకొనేవారికి డగ్లస్ హార్పర్ నడిపే ఎటిమాన్‌లైన్ అనే సైటు హాయిగా ఉంటుంది. అక్కడి వివరణ చాలావరకు ఒకే చేతి రాత కనుక చదవడానికి నున్నగా సాగుతుంది. కానీ స్వీడిష్ బూగ్ లాంటి మాటకు అక్కడ సొంత పేజీ దొరకదు. తెలుగు మాటల కోసం ఆంధ్రభారతి సైటు నాకు నిత్యావసరం, ఒకే మాటను అనేక పాత నిఘంటువుల్లో ఒక్కసారిగా వెతకడానికి దానికి సాటి లేదు. అయితే ఆ నిఘంటువులు సంస్కృతం దగ్గరే ఆగిపోతాయి. బాహువు పక్కన తత్సమం అనే గుర్తు పెడతాయి, అవతల ఏముందో చెప్పడం వాటి పని కాదు. విక్షనరీ పని మొదలయ్యేది అక్కడే కనుక ఈ రెంటినీ కలిపి వాడటమే నా సలహా.

తెలుగు విక్షనరీ గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు న్యాయం జరగదు. వ్యాకరణ విశేషాలు, అర్థ వివరణ, పద ప్రయోగాలు, అనువాదాలు అంటూ చక్కని శీర్షికలతో మూస తయారుగా ఉన్నది. చాలా పేజీల్లో ఆ శీర్షికల కింద ఖాళీ ఉంటుంది, వ్యుత్పత్తి దగ్గర మరీను. ఇంగ్లీషు విక్షనరీలోనూ తెలుగు మాటలకు దక్కిన చోటు స్వీడిష్ మాటలకు దక్కినదానితో పోలిస్తే చాలా తక్కువ. స్వీడిష్ మాట్లాడేవారు దాదాపు కోటిమంది, తెలుగు మాట్లాడేవారు ఎనిమిది కోట్ల పైమాట. మన మాండలికాల్లోని ఉర్దూ, పారసీక మాటలకు తేదీలతో, ఊరి పేర్లతో ప్రయోగాలు సేకరించి ఎక్కించే పని తెలుగు చదివిన ఎవరైనా చేయగలిగినదే. దానికి ముందస్తు అనుమతి కూడా అక్కరలేదు, మార్చు అనే మీట దాదాపు ప్రతి పేజీ పైనా ఉన్నది. తెలుగు, సంస్కృతం బోధించే అధ్యాపకులకూ, భాషాశాస్త్రం చదివే విద్యార్థులకూ నేను దీనిని తప్పక సిఫారసు చేస్తాను. పరీక్షకు రేపు ఉదయమే ఖచ్చితమైన జవాబు కావలసినవారికి మాత్రం చేయను.